పాత జీపు పికప్‌కి ఎయిర్ సస్పెన్షన్: విజయవాడ ఆటోనగర్‌లో ఎవరైనా చేయించారా?

పాతజీపోడు, గుంటూరు

అందరికీ నమస్తే. మా తాతగారి మహీంద్రా పికప్ ఉంది, 1974 రిజిస్ట్రేషన్, ముందు జీపు ముక్కు, వెనక చెక్క తొట్టి. చాలా ఏళ్లు మిర్చి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలిన బండి, తర్వాత షెడ్డులో పడుంటే నేను బయటికి తీసి పెయింటు, తొట్టి చెక్కలు, వైరింగ్ అన్నీ చేయించా. పెట్రోల్ హరికేన్ ఇంజన్ తీసేసి తాతగారే ఎప్పుడో డీజిల్ వేయించారు. డైనమో తీసి ఆల్టర్నేటర్ నేను పెట్టించా. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే.

సమస్య రైడు. ఖాళీ బండితో కాజా టోల్ దాటి బెజవాడ చేరేసరికి నడుం పట్టేస్తోంది, స్పీడ్ బ్రేకర్ వస్తే మా ఆవిడ ముందే డాష్‌బోర్డు పట్టుకుని కూర్చుంటోంది. అమెరికా వాళ్ల వీడియోల్లో షెవ్రొలే సీ10 అనే పాత పికప్ బళ్లు స్విచ్ నొక్కగానే నేల మీద కూర్చుని మళ్లీ లేవడం చూసి పిచ్చి పట్టింది. ఆటోనగర్‌లో ఒక షాపులో అడిగితే, కమాన్లు (ఇనప పట్టీల స్ప్రింగు కట్టలు) మొత్తం పీకేసి బస్సువి సెకండ్ హ్యాండ్ బెల్లోస్ (గాలి నింపే రబ్బరు బుడ్డీలు) నాలుగు పెట్టేస్తాం, ఎల్లుండికల్లా తీసుకెళ్లండి అన్నాడు. అంత సులువుగా అనేసరికి నాకు టెన్షన్ మొదలైంది. అసలు ఇది జరిగే పనేనా? ఏం కొనాలి, ఏం కొనకూడదు? ఏడాదికి ఒకట్రెండుసార్లు చేలో మిర్చి కాయ కూడా బండిలో వేస్తాం, అదీ దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

కమాన్‌కట్ట, ఆటోనగర్

తమ్ముడూ, మాది కమాన్ల పనే, నాన్నగారి టైం నుంచీ. ఆ షాపు ఎవరిదో నాకొద్దు గానీ, ఆ మాట అన్నవాడికి మాత్రం బండి ఇవ్వకు.

ఎందుకంటే మీ జీపులో కమాను కట్ట చేసే పని బరువు మోయడం ఒక్కటే కాదు. వెనక హౌసింగు (యాక్సిల్ ఉండే ఇనప గొట్టం) ముందుకి వెనక్కి జరగకుండా, పక్కలకి పోకుండా, బ్రేకు తొక్కినప్పుడు హౌసింగు గిర్రున తిరగబోకుండా పట్టుకునేది కూడా అదే. ముందు యాక్సిల్‌కీ అంతే, అక్కడైతే స్టీరింగు కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది. కమాను పీకి గాలి బుడ్డి పెడితే ఆ బుడ్డి బరువు మోస్తుందే తప్ప యాక్సిల్‌ని పట్టుకోలేదు. దానికి విడిగా లింకు రాడ్లు వేయాలి, నాలుగు లింకులూ ఒక పానార్డ్ రాడ్డూ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే అడ్డ కడ్డీ), లేదంటే పై రెండు లింకులు వాలుగా వేసే రకం. వాటి బ్రాకెట్లు ఛాసీకి, హౌసింగుకి వెల్డింగ్ పెట్టాలి. ఆ కొలతల్లో తేడా వస్తే బండి ఎగుడుదిగుడులో తనంతట తనే పక్కకి లాగుతుంది. ఎల్లుండికల్లా అయ్యే పనా ఇది?

బస్సు బెల్లోస్ సంగతి విడిగా చెప్తా. గాలి బుడ్డి మోసే బరువు అంటే లోపలి ప్రెషర్‌ని దాని విస్తీర్ణంతో గుణించడమే, ఇంకే మాయా లేదు. బస్సు బుడ్డికి పనిచేసే వ్యాసం 10 అంగుళాలు అనుకో, విస్తీర్ణం దాదాపు 78 చదరపు అంగుళాలు. మీ ఖాళీ పికప్ వెనక ఒక్కో వైపు 300 కిలోలు పడుతుందనుకుంటే దానికి 8, 9 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లలో ఒత్తిడి) చాలు. టన్నులు మోయడానికి చేసిన బుడ్డిని అంత తక్కువ గాలితో నడిపితే గోడ సరిగ్గా నిలవదు, మడత పడి రెండు ప్లేట్ల మధ్య నలుగుతుంది, గోతిలో దిగినప్పుడల్లా అడుగు తగులుతుంది. అదే 5 అంగుళాల వ్యాసం చిన్న బుడ్డికి దాదాపు 20 చదరపు అంగుళాలు, అదే బరువుకి 33 పీఎస్ఐ దగ్గర హాయిగా పనిచేస్తుంది. పైగా సెకండ్ హ్యాండ్ రబ్బరు ఎండకి ఎంత పగిలిందో పైకి కనపడదు, మన ఊళ్లో మే నెల ఎండ సంగతి చెప్పేదేముంది.

ముందు ఒక్క సంగతి తేల్చుకో. నీకు కావాల్సింది నడుం నొప్పి పోవడమా, బరువేసినప్పుడు వెనక కూర్చోకుండా ఉండటమా, లేకపోతే బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి కిందకి దించి జనం చేత ఫొటోలు తీయించుకోవడమా? మూడూ మూడు వేరే పనులు.

కృష్ణలంక కుర్రోడు

అన్నా అంత భయపెడితే ఎవడూ ఏమీ చేయించుకోడు. మనోడికి ఫొటోలే కావాలి, మొహమాటపడుతున్నాడు 😄 బ్రో, లింకులు వేసే ఫాబ్రికేటర్లు ఉన్నారు, ఫుల్ ఎయిర్ కొట్టించు, లైఫ్‌లో ఒక్కసారేగా.

సీ10_డల్లాస్

మాది తెనాలి, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నా. నాది 1970 సీ10, ఎయిర్ మీదే నడుస్తోంది కాబట్టి ఆ వీడియోల వెనక సంగతి చెప్తా.

సీ10కి అది ఎందుకంత తేలికో చూడండి. 1963 నుంచి ఆ బండికి ముందు ఎ-ఆర్మ్‌లు (చక్రాన్ని పట్టుకునే ఎ ఆకారపు చేతులు), కాయిల్ స్ప్రింగులు (చుట్ట స్ప్రింగులు). నాలాంటి మోడళ్లలో వెనక కూడా పొడుగాటి ట్రెయిలింగ్ ఆర్మ్‌లు, కాయిల్ స్ప్రింగులే. అంటే యాక్సిల్‌ని పట్టుకునే ఆర్మ్‌లు కంపెనీవే ఉన్నాయి, కాయిల్ తీసి అదే చోట బ్యాగ్ (అదే, గాలి బుడ్డి) కూర్చోబెడితే సగం పని అయిపోయినట్టే. 1973లో కొత్త మోడల్ వచ్చాక వెనక కమాన్లు వచ్చాయి, ఆ బళ్ల వాళ్లకి ఇక్కడ కూడా ఇదే తలనొప్పి, లింకుల కిట్టు కొనాల్సిందే. పూర్తిగా నేలకి దించాలంటే వెనక హౌసింగు ఛాసీకి తగులుతుంది, అందుకని ఛాసీ రెయిల్‌ని అర్ధచంద్రాకారంలో కోసి దాని చుట్టూ మందపాటి ప్లేటు వెల్డ్ చేస్తారు. తొట్టి అడుగు కూడా చాలామంది కోసేస్తారు. ఇవేవీ రీల్స్‌లో చూపించరు, స్విచ్ నొక్కడమే చూపిస్తారు.

మీ జీపుకి ముందూ వెనకా కమాన్లే, పైగా కమాను హౌసింగు కింద నుంచి ఉంటుంది. కాబట్టి హౌసింగు పైభాగానికీ ఛాసీకీ మధ్య ఎంత ఖాళీ ఉందో బరువుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి టేపు పెట్టి కొలవండి. బ్యాగు పూర్తిగా నొక్కుకున్నప్పటి ఎత్తు, పనిచేసే ఎత్తు రెండూ కంపెనీ షీట్లో ఇస్తారు, అవి ఆ ఖాళీకి సరిపోతేనే కొనాలి. ముందు వైపు మాత్రం ముట్టుకోకండి. ముందు యాక్సిల్‌కి కమాను తీసి లింకులు వేస్తే కాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వాలు), డ్రాగ్ లింకు (స్టీరింగు నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ) వాలు రెండూ మారతాయి, అప్పుడు బండి ఎగిరినప్పుడల్లా స్టీరింగు దానంతట అది తిరుగుతుంది. పవర్ స్టీరింగ్ కూడా లేని బండికి అది ప్రమాదం.

నేనైతే వెనక హెల్పర్ బ్యాగులు రెండు చాలంటాను. కమాన్లు ఉంటాయి, హౌసింగుని అవే పట్టుకుంటాయి, బ్యాగు అదనపు బరువుకి మాత్రమే సాయం చేస్తుంది. ఈ రకం బ్యాగులకి సాధారణంగా 100 పీఎస్ఐ దాకా పట్టొచ్చు, ఖాళీ బండికి కూడా 5 నుంచి 10 మధ్య ఉంచాలి, సున్నా చేసి తిప్పితే రబ్బరు నలిగి చిరుగుతుంది.

కంప్రెసర్, ట్యాంకు, సోలినాయిడ్ వాల్వులు (కరెంటుతో తెరుచుకునేవి) అసలు కావాలా అన్నది ఇంకో ప్రశ్న. స్విచ్ తో క్షణాల్లో లేపాలంటే ట్యాంకు కావాలి, 165 పీఎస్ఐ దగ్గర కంప్రెసర్ ఆన్ అయి 200 దగ్గర ఆగే ప్రెషర్ స్విచ్ కావాలి, రిలే, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, తేమ పట్టే ఫిల్టరు, ట్యాంకు అడుగున నీళ్లు వదిలే డ్రెయిన్ కావాలి. అలాంటి కంప్రెసర్ ఒక్కటే 20 నుంచి 30 ఆంపియర్లు లాగొచ్చు. మీ ఆల్టర్నేటర్ 35 ఆంపియర్ల రకమైతే రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని కంప్రెసర్ తిరిగితే బ్యాటరీ మీద పడుతుంది. హెల్పర్ బ్యాగులకైతే ఇదంతా దండగ. ట్యూబు వాల్వు లాంటివే రెండు వస్తాయి, నంబర్ ప్లేటు పక్కన బిగించుకుని పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోవచ్చు, ఏడాదికి ఒకట్రెండుసార్లు లోడు వేసే మీకు అది చాలు.

కృష్ణలంక కుర్రోడు

పంక్చర్ షాపులో గాలి కొట్టించుకునే ఎయిర్ సస్పెన్షనా... సరే, మజా అంతా పోయింది కానీ లాజిక్ ఉంది.

ఆర్‌సీబుక్కు

ఎవరూ కాగితాల సంగతి ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతా. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి 182ఏ పెట్టారు, దాని నాలుగో ఉపవిభాగం ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఛాసీ రెయిల్ కోసి వెల్డ్ చేయడం ఏ ఇన్‌స్పెక్టర్ కంటికైనా కనపడుతుంది, దాచలేరు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు చూసేది కూడా అదే.

బోల్టులతో బిగించి, విప్పితే మళ్లీ పాత రూపానికి వచ్చే హెల్పర్ బ్యాగుల్ని నేను ఛాసీ కోతతో సమానం చేయను. అది నా అభిప్రాయం మాత్రమే, బిగించే ముందు మీ ఆర్టీవో ఆఫీసులో ఒక మాట అడిగితే పోయేదేం లేదు, రాతపూర్వకంగా ఇస్తే ఇంకా మంచిది.

ఇంకోటి, 1974 బండి కదా, 50 ఏళ్లు దాటింది, వింటేజ్ నంబరు వస్తుందేమో అని మీ మనసులో ఉంటే ఆ ఆశ వదులుకోవడం మేలు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలకి బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసీ, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. మీ తాతగారు ఇంజన్ మార్చేశారుగా. దాని మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఆ డీజిల్ ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కిందా? ఎక్కకపోతే గాలి బుడ్డీల కంటే ముందు ఆ పని చూడండి. అలాగే ఆర్‌సీలో గూడ్స్ అని ఉందా ప్రైవేట్ అని ఉందా చూసుకోండి, గూడ్స్ అయితే ఇంత పాత బండికి ఫిట్‌నెస్ ఏడాదికోసారి తప్పదు.

పాతజీపోడు, గుంటూరు

అందరికీ చాలా థాంక్స్. ఇంజన్ నంబరు ఎక్కింది అండీ, తాతగారు కాగితాల విషయంలో గట్టి మనిషి. ఆర్‌సీలో గూడ్స్ అనే ఉంది.

ఫొటోల సరదా ఉన్న మాట నిజమే, ఎవరో కనిపెట్టేశారు 🙂 కానీ ఛాసీ కోయించడం నాకిష్టం లేదు, అది ఇప్పుడు తేలిపోయింది. టేపు పెట్టి చూశా, వెనక హౌసింగుకీ ఛాసీకీ మధ్య చిన్న బ్యాగుకి చోటు ఉన్నట్టే ఉంది, కానీ కుడివైపు సైలెన్సర్ పైపు దగ్గరగా పోతోంది. ఇంకా రెండు డౌట్లు. కమాన్‌కట్ట అన్నా, ఖాళీ బండి ఎగరడం హెల్పర్ బ్యాగుతో తగ్గుతుందా? రెండు బ్యాగులకీ టీ (మూడు దారుల జాయింటు) పెట్టి ఒకటే పైపు, ఒకటే వాల్వు పెడితే సరిపోతుందా, ఖర్చు తగ్గుతుంది కదా?

కమాన్‌కట్ట, ఆటోనగర్

తగ్గదు తమ్ముడూ. నిజం చెప్పాలంటే ఖాళీ బండి మీద ఇంకాస్త గట్టిబడుతుంది, ఎందుకంటే ఉన్న కమానుకి తోడు ఇంకో స్ప్రింగు చేరింది. ఈ ముక్క అమ్మేవాడు చెప్పడు.

నీ బండి ఎగరడానికి కారణం కమాను కట్టలోనే ఉంటుంది. ఏళ్ల తరబడి టిక్కీలు తోలిన బండి కదా, యార్డు రోజుల్లో తాతగారు బరువు కోసం అదనపు పట్టీలు వేయించే ఉంటారు. పట్టీలు లెక్కపెట్టు, మిగతావాటికంటే మందంగా, పొడుగు తేడాగా ఉన్నవి కనపడితే అవే. కట్ట విప్పించి, ఆ అదనపు పట్టీలు తీసేసి, మిగిలినవాటికి తుప్పు గీకించి, వంపు పోయిన వాటిని కొట్టించి, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పెట్టి, బుష్‌లు, షాకిల్ పిన్నులు కొత్తవి వేసి, సెంటర్ బోల్టు, యూ బోల్టులు కూడా మార్పించు. తుప్పు పట్టిన పట్టీలు ఒకదాని మీద ఒకటి జారవు, కట్ట మొత్తం ఒకటే ఇనప దిమ్మె అయిపోతుంది, దాని మీద కూర్చుని రైడు బాలేదంటే ఎలా? తర్వాత షాకప్సర్లు చూడు. చేత్తో నొక్కితే రెండు వైపులా బిగువు ఉండాలి. ఇవి చేశాక సగం మంది మళ్లీ ఎయిర్ ఊసే ఎత్తరు.

అప్పుడు పట్టీలు తగ్గించిన కట్టకి తోడుగా హెల్పర్ బ్యాగు పెడితే దానికో అర్థం ఉంటుంది. ఖాళీగా మెత్తగా, కాయ వేసినప్పుడు గాలితో లెవెల్. లెక్క చూడు, టిక్కీ 45 కిలోలు అనుకుంటే పది టిక్కీలు 450, ఒక్కో వైపు 225 కిలోలు, ఆ అదనపు బరువు మొత్తం చిన్న బ్యాగే మోసినా 25 పీఎస్ఐ చాలు. కమాను కూడా మోస్తుంది కాబట్టి ఇంకా తక్కువే. బండి లెవెల్‌గా కనపడుతోంది కదా అని ఇంకో పది వేసేవు, బ్యాగు వల్ల యాక్సిల్ బలం పెరగదు, డ్రమ్ము బ్రేకులు పెరగవు, టైర్లు పెరగవు. తొట్టి కూర్చోవడం లేదంటే బరువు లేనట్టు కాదు.

టీ పెట్టడం మాత్రం వద్దే వద్దు. కనకదుర్గ ఫ్లైఓవర్ మలుపులో వెళ్తున్నావనుకో, బరువు బయటివైపు చక్రం మీద పడుతుంది, ఆ వైపు బ్యాగులో గాలి నొక్కుకుని పైపులోంచి లోపలివైపు బ్యాగులోకి పోతుంది. వంగిన వైపు ఇంకా వంగి, లేచిన వైపు ఇంకా లేస్తుంది. రెండు పైపులు, రెండు వాల్వులు పెట్టు. ఒకవైపు లీకైనా రెండోది నిలబడుతుంది.

సీ10_డల్లాస్

అన్న చెప్పింది కరెక్టు. సైలెన్సర్ పక్కన ఉంటే పైపుని కొంచెం వంచి దూరం జరపండి, లేదంటే మధ్యలో రేకు అడ్డం పెట్టండి, వేడికి రబ్బరు పోతుంది. బ్యాగు పూర్తిగా ఉబ్బినప్పుడు కూడా చుట్టూ ఒక అంగుళం ఖాళీ ఉండాలి. బోల్టు మొన, బ్రాకెట్ అంచు, హ్యాండ్ బ్రేకు రాడ్డు, ఏదీ తగలకూడదు. వెనక బ్రేకు హోసు యాక్సిల్ పూర్తిగా దిగినప్పుడు సాగుతోందేమో కూడా చూడండి.

లీకులు ఎక్కువగా వచ్చేది బ్యాగులోంచి కాదు, పైపు కోతలోంచి. నైలాన్ పైపుని కటింగ్ ప్లేయర్‌తో కోస్తే చివర కోడిగుడ్డు ఆకారంలో నొక్కుకుపోతుంది, ఫిట్టింగు లోపలి రింగు పట్టదు. కొత్త బ్లేడుతో నిటారుగా కోయాలి. బిగించాక 60 పీఎస్ఐ కొట్టి ప్రతి జాయింటుకీ సబ్బు నీళ్లు రాయండి, బుడగ వస్తే అక్కడే. తర్వాత రాత్రంతా ఉంచి పొద్దున గేజి చూడండి. రాత్రి చలికి ఒకట్రెండు పీఎస్ఐ తగ్గితే కంగారు లేదు, సగానికి పడిపోతే ఎక్కడో ఉంది.

కృష్ణలంక కుర్రోడు

నాదీ ఒక మాట. ఎప్పటికైనా కంప్రెసర్ పెడితే మాత్రం ఛాసీ కింద వేలాడదీయకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు బళ్లు ఎలా మునిగాయో చూశాం కదా. సీటు వెనకో, తొట్టి ముందు గోడకి పైనో పెట్టి, గాలి పీల్చే పైపు ఇంకా పైకి తీసుకోండి.

పాతజీపోడు, గుంటూరు

సరే, ముందు కట్టలు విప్పిస్తా. పట్టీలు లెక్కపెట్టా అన్నా, కింద రెండు పట్టీలు నువ్వన్నట్టే వేరే మందంలో ఉన్నాయి. షాకప్సర్లు కూడా ఒకవైపు చప్పబడ్డాయి. అవి అయ్యాక రైడు చూసి, కాయ సీజన్ ముందు హెల్పర్ బ్యాగులు వేయిస్తా. బ్యాగులు వేశాక స్టెప్నీ మార్చేటప్పుడు ఏమైనా జాగ్రత్త ఉందా?

కమాన్‌కట్ట, ఆటోనగర్

ఉంది. జాకీ హౌసింగు కిందే పెట్టు, ఛాసీ కింద పెట్టి లేపితే హౌసింగు కిందకి వేలాడి బ్యాగు సాగిపోతుంది, ప్లేటు దగ్గర ఊడుతుంది. ఛాసీ కిందే లేపాల్సి వస్తే ముందు గాలి వదిలెయ్, దించాక చక్రాలు నేల మీద కూర్చున్నాకే మళ్లీ 10 కొట్టించు. బండి డ్రైవరుకి ఇచ్చినా, పంక్చర్ షాపులో వదిలినా ఈ మాట వాళ్లకీ చెప్పు, వాళ్లు అలవాటుగా ఛాసీ కిందే పెట్టేస్తారు. కట్టలు విప్పిన రోజు ఫొటోలు పెట్టు, పట్టీలు చూసి ఏవి ఉంచాలో చెప్తా.